మొదటి రౌండు

రేపు రాత్రి ఎనిమిదింటికి
సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్ల మేడ మీద
మా ఎనిమిది జట్లూ కూర్చుంటాయి.
జట్టంటే ఒక మనిషీ, ఒక నోటుబుక్కూ.
బంతి లేదు, మైదానం లేదు.
ఎక్కడో హాస్టళ్ళలో హాకీ ఆడే పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళని
వాళ్ళకి తెలీకుండానే పంచుకుంటాం.
వాళ్ళు గోలు కొడితే ఇక్కడ మాకు పాయింట్లు.

కిందటేడు అట్టడుగున మిగిలినవాడిదే మొదటి ఎంపిక.
ఈ న్యాయం లోకంలో ఇంకెక్కడా చూడలేదు నేను.

పార్శిల్ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు నాకు.
మామిడిబుట్ట కాటా ఎక్కకముందే
నలభై రెండు అంటాను,
ముల్లు వచ్చి నలభై రెండు మీద నిలబడుతుంది.
అందుకే ఏటా అడుగుతారు:
"కృపక్కా, ఎవరు ఎవర్ని ఎత్తుకుంటారో రాసి పెట్టు."
రాసి, మడిచి, పిన్ను కొట్టి
బిస్కెట్ల డబ్బాలో వేస్తాను. అంతా అయ్యాక విప్పుతారు.

కుర్రాళ్ళ గురించి నాకేం తెలుసు?
నాకు తెలిసింది ఎంచుకునేవాళ్ళు.

మొదట జోజి. అనుమానమే లేదు,
రూర్కెలా వైపు పిల్లాడు కుజూర్ని తీసుకుంటాడు.
అందరూ మంచిదన్నదే జోజికి మంచిది.
పెళ్ళి భోజనంలో కూడా
పక్క విస్తరి చూసి అన్నం కలుపుతాడు.

తర్వాత నాగూర్ మీరా,
ఇంజనుకి చెవి ఆనించి రోగం చెప్పే షెడ్డు మనిషి.
మణిపూర్ కుర్రాడు థోయిబా పేరు
మూడు నెలలుగా అతని నోట రాలేదు.
అంటే అతనే.

మూడూ నాలుగూ ఒకే ఇల్లు.
బుల్లెబ్బాయికీ బావమరిదికీ ఒకే గోల్‌కీపర్ కావాలి.
ఒకడికి దొరుకుతాడు.
రెండోవాడు అలిగి మెట్లు దిగుతాడు,
పునుగుల వాసనకి మళ్ళీ ఎక్కుతాడు.
ఎవరు దిగుతారన్నదే ప్రశ్న. చలపతి దిగుతాడని రాశాను.

ఐదు, ప్రసూన.
బుకింగ్ కౌంటర్లో కొత్తగా చేరింది, లెక్కల ఎమ్మెస్సీ.
పెన్సిల్‌తో ఒక పేరు రాసి చెరిపేశాను.
కాగితం అక్కడ పల్చబడింది.

ఆరు, ఏడు ఎవరైనా ఒకటే.
అప్పటికి వాళ్ళు ఫోన్లు చూసుకుంటుంటారు.

ఎనిమిది నాది. పోయినేడు గెలిచాను గదా, చివర.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం
అనంతపురం యాసలో ఒక కుర్రాడు
హాకీ కర్రల మూట నా కౌంటర్ మీద దించాడు.
ఇరవై ఆరు అన్నాను చూడకుండానే.
ముల్లు ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయింది.
నేను మళ్ళీ తూచాను. ఇరవై ఒకటే.
"లోపల కొన్ని సగాలే అక్కా,
ఇరిగిపోయినాయి, పారేసేకి మనసు రాలే" అన్నాడు.
రసీదు మీద పేరు: తిప్పేస్వామి.

ఇప్పుడు ఆ తిప్పేస్వామి మోకాలికి కుట్లు.
ఏడాదిగా ఆట లేదు, ఏ జాబితాలోనూ పేరు లేదు.
ఎనిమిదో గడిలో ఆ పేరు సిరాతో రాశాను.

*

ఇది రాస్తున్నది ఆ మర్నాడు.

రోహిణీ కార్తె. రాత్రయినా మేడ పెనంలా ఉంది.
కుజూర్ అన్నాడు జోజి. థోయిబా అన్నాడు నాగూర్ మీరా,
అని నన్ను చూసి మీసంలో నవ్వాడు.
చలపతి దిగాడు, ఎక్కాడు.

ప్రసూన పుస్తకం మూసి
"తిప్పేస్వామి" అంది.

అందరూ నవ్వారు. మోకాలు, మోకాలు, అన్నారు.
"మోకాలు మానుతుందండీ" అందామె, అంతే.

నా వంతుకి ఎవర్నో తీసుకున్నాను.
పేరు కోసం ఇప్పుడు పుస్తకం తెరవాలి.

డబ్బా విప్పారు. నాలుగు వరసగా నిజమయ్యేసరికి
ఈలలు వేశారు.
ఐదో గడి దగ్గర జోజి ఆగాడు.
కాగితాన్ని బల్బుకి అడ్డం పెట్టి
పెన్సిల్ నొక్కిన గీతల్ని ఏటవాలుగా చూస్తూ
"అక్కా, ఇక్కడ ముందే ఏదో రాశావు.
తి... తిప్..."

పునుగుల పళ్ళెం
అతని ముందుకి జరిపాను.